ఏటా ఐదు పాటలు

మా పెద్దమ్మ చొక్కాలకు కాజాలు కుట్టేది. గుండీ దూరే చోట చిన్న బ్లేడుతో గాటు పెట్టి, అంచున పీచు లేవకుండా దారంతో చుట్టూ దగ్గరదగ్గరగా కుట్లు వేసుకుంటూ వస్తే అది కాజా. కుట్టు మాస్టారు బట్ట కత్తిరించి, మిషను మీద కుట్టి ఇచ్చాక ప్రతి చొక్కా చివరికి ఆమె ఒళ్లోకే చేరేది. ఆ కొట్లో గోడకు కొట్టిన చెక్క మీద ఒక రేడియో ఉండేది. పొద్దున షట్టరు ఎత్తగానే మాస్టారు ముందు దాని చెవి మెలిపెట్టి, ఆ తర్వాతే మిషనుకు నూనె వేసేవాడు. పెద్దమ్మ తన పనిని గడియారంతో కొలిచేది కాదు. రెండు పాటలకు ఒక కాజా. చొక్కాకు ఏడు కాజాలు, అంటే పద్నాలుగు పాటలు. ఎవరైనా వచ్చి చొక్కా ఎప్పటికవుతుందని అడిగితే, ఇంకో ఆరు పాటలు ఆగి రమ్మనేదట. కొందరు నవ్వి వెళ్లిపోయేవాళ్లు. కొందరు నిజంగానే బెంచీ మీద కూర్చుని లెక్కపెట్టేవాళ్లు.

మా అమ్మ ఆమెకు ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్లిళ్లకు ముందు ఇంట్లో ఉన్న ఒక్క రేడియో కోసం ఇద్దరూ జుట్లు పట్టుకున్నవాళ్లే. పెద్దమ్మ పెళ్లయి, బస్సులో ఆరు గంటల దూరం వెళ్లిపోయింది. ఆ ఏడాది చివర రాసిన ఉత్తరంలో, క్షేమ సమాచారాలన్నీ అయ్యాక, "ఈ ఏడు నన్ను పట్టుకుని వదలని పాటలు" అని ఐదు పాటలు వరసగా రాసింది. ఆ ఏడు కొత్తగా వచ్చినవే కానక్కర్లేదు, పాతవైనా సరే, ఆ ఏడు మనసులో మసిలితే చాలు. అమ్మ తన ఐదూ రాసి పంపింది. అప్పటినుంచి ప్రతి డిసెంబరులో అక్కడినుంచి ఒక కవరు, ఇక్కడినుంచి ఒక కవరు. సినిమా పేర్లు, పాడినవాళ్ల పేర్లు వాళ్లకు పట్టేవి కావు. తాము పెట్టుకున్న ముద్దుపేర్లే రాసుకునేవాళ్లు: మెట్ల పాట, ఈల పాట, తడిసిన చొక్కా పాట. మూడో మనిషికి అందులో ఒక్క ముక్క అర్థం కాదు.

అమ్మ ఒక పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసేది. అక్కడ బుగ్గ పట్టుకుని కూర్చున్న జనం కోసం రోజంతా పాటలు పెట్టేవాళ్లు. నచ్చిన పాట వినబడితే చీటీల పుస్తకం వెనక అట్ట మీద గుర్తు పెట్టుకునేది. ఇది అక్కకి, ఇది అక్కకి వద్దు, అని తనలో తాను అనుకోవడం నేను చాలాసార్లు విన్నాను.

తర్వాత వాళ్లిద్దరి మధ్య మాటలు పోయాయి. అది మా అమ్మమ్మ పోయిన వారం.

అమ్మమ్మ చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉంది. ఒక మంగళవారం జ్వరం వచ్చింది. పెద్దమ్మని ఒకసారి చూడాలని ఉందని అంది. అమ్మ కబురు చేసింది కానీ, కంగారేమీ లేదు, ఆదివారం సెలవు చూసుకుని రమ్మంది. డాక్టరు కూడా భయం లేదనే అన్నాడు. శుక్రవారం పొద్దున అమ్మమ్మ పోయింది. పెద్దమ్మ శనివారం వచ్చింది. ఏడవలేదు. పనులన్నీ దగ్గరుండి చూసింది. వెళ్లేరోజు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అమ్మతో ఒకే మాట అంది.

"నీకు కంగారు లేకపోయింది. ఇకనుంచి నాకూ ఉండదులే."

అంతే. అమ్మ రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. కొట్టుకు ఫోను చేస్తే పనిలో ఉందని మాస్టారు చెప్పేవాడు. కానీ ఆ డిసెంబరులో కవరు మాత్రం వచ్చింది. లోపల చిన్న కాగితం, ఐదు పాటలు. పైన సంబోధన లేదు, కింద సంతకం లేదు. అమ్మ ఆ కాగితాన్ని చేత్తో సాపు చేస్తూ చాలాసేపు కూర్చుంది. తనూ ఐదు పాటలు రాసింది. ఆరో వరసలో ఏదో రాసి, కొట్టేసి, అలా కొట్టేసింది కనబడుతుందని మళ్లీ కొత్త కాగితం మీద ఐదే రాసి పంపింది.

అలా పదకొండేళ్లు. ఏడాదికి ఐదు పాటలు తప్ప అక్క గురించి అమ్మకు తెలిసేదేమీ లేదు. అందుకని వాటినే తిరగేసి మరగేసి చదివేది. అన్నీ హుషారు పాటలొస్తే ఆ ఏడు బాగానే గడిచిందన్నమాట. ఒకసారి మొట్టమొదట "తాళంకప్ప పాట" అని వచ్చింది. అది ఎవరో తన ఇంటికి తనే వచ్చి, తలుపుకు తాళం చూసి తిరిగిపోయే పాట. ఇల్లు మారారేమో అని అమ్మ అనుకుంది. మూతబడింది కొట్టని, అందరూ రెడీమేడ్ చొక్కాలే కొంటుంటే మాస్టారు షట్టరు దించేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడని, మాకు చాలా తర్వాత తెలిసింది.

ఆ తర్వాత వచ్చిన కాగితాల్లో కొత్త పాటలు తగ్గిపోయాయి. పదో ఏడు ఐదూ పాతవే, పెళ్లికి ముందు ఇద్దరూ కలిసి విన్నవే. అమ్మ మెత్తబడింది. అక్కకు పాతరోజులు గుర్తొస్తున్నాయంది. పదకొండో ఏడు కవరు విప్పి చూసి, లేచి వెళ్లి పాత కాగితాలున్న డబ్బా తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టింది. అవే పాటలు, అదే వరస.

"పోయినేటి కాగితమే మళ్లీ దించి పంపింది," అంది నాతో. "నాకోసం ఏడాదికి ఐదు పాటలు వెతకడం కూడా బరువైపోయిందన్నమాట."

నేనేదో సర్దిచెప్పబోతే వినలేదు. కోపం వస్తే అమ్మ ఇల్లు సర్దుతుంది. ఆ రోజు అటక మీది సామాను కూడా దిగింది. ఆ ఏడు అమ్మ కవరు పంపలేదు.

జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం మా పెదనాన్న వచ్చాడు. ఆయన ఒక బడిలో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడుతూ ఉండే మనిషి. ఆ రోజు మంచినీళ్లు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమ్మా, ఈసారి పాటలు పంపలేదేం?" అని అడిగాడు అమ్మని.

అమ్మ ముఖం తిప్పుకుని, అక్కకి నా పాటలతో పనేముంది బావగారూ అంది. అప్పుడాయన చెప్పాడు.

కొట్టు మూసేశాక పెద్దమ్మ ఒక బట్టల కంపెనీలో చేరింది. ఒకే రేకుల షెడ్డులో రెండు వందల మిషన్లు. అక్కడ కాజా కుట్టడానికి మిషనే ఉంది. బట్ట పెట్టి కాలితో నొక్కితే టకటకమని నాలుగు క్షణాల్లో కాజా తయారు. రేడియో లేదు, ఉన్నా వినబడదు. ఆరేళ్లు చేసింది. మొదట చెవుల్లో హోరు మొదలైంది. తర్వాత మాటలు అందడం తగ్గింది. చప్పుడు వల్ల కావచ్చు, వయసు వల్లా కావచ్చు, నరం దెబ్బతింది, చెవికి మిషను పెట్టినా లాభం ఉండదని డాక్టర్లు అన్నారు. పూర్తిగా వినబడకుండా పోయి రెండేళ్లయింది.

"ఆ రెండేళ్లూ తనలో ఆడుతున్నవి ఆ ఐదేనమ్మా," అన్నాడు. "కొత్తవి ఎక్కడినుంచి తెస్తుంది? నీకు చెప్పొద్దని నాచేత ఒట్టేయించుకుంది. చెల్లి జాలిపడి వస్తుంది, అలా రావద్దు అంది."

ఇంకో సంగతి కూడా చెప్పాడు. అమ్మ పంపిన పాటల్లో తెలియనివి ఉంటే, పెద్దమ్మ ఆయన్ని కూర్చోబెట్టి వాటి మాటలు రాయించుకునేదట. అమ్మ పెట్టిన ముద్దుపేర్లను బట్టి అవి ఏ పాటలో ఊహించి, నలుగురినీ అడిగి, ఆయన ఒక్కో వరస ఆపి ఆపి వింటూ కాగితం మీద ఎక్కించేవాడు. నా గొంతుతో పాడి వినిపించాల్సిన పని లేదు, అదొక్కటే అదృష్టం అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. మొన్న డిసెంబరు అంతా పెద్దమ్మ రోజూ పోస్టువాడు వచ్చే వేళకు గేటు దగ్గర నిలబడిందట. నెల మారాక లోపలికి వచ్చి, చెల్లి కూడా మానేసింది అందట. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున బస్సుకే మేం ముగ్గురం బయలుదేరాం. దారిపొడవునా అమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి. చెప్పాల్సినవన్నీ కూడబలుక్కుంటోంది.

వాళ్లది రెండు గదుల ఇల్లు. కిటికీ దగ్గర నేల మీద కూర్చుని పెద్దమ్మ పెదనాన్న చొక్కాకు ఊడిన గుండీ కుడుతోంది. మేం లోపలికి వచ్చిన అలికిడి ఆమెకు తెలియలేదు. మా నీడ బట్ట మీద పడ్డాక తలెత్తింది. బాగా చిక్కిపోయింది. అమ్మ ఎదురుగా కూలబడి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఏడుస్తూ ఏదేదో చెప్పుకుపోతోంది. పెద్దమ్మ కాసేపు ఆ ముఖం వంకే చూసి, సూది జాగ్రత్తగా పక్కన గుచ్చింది.

"నెమ్మదిగా చెప్పు," అంది. తన గొంతు తనకు వినబడక కాబోలు, కాస్త పెద్దగా వచ్చింది మాట. "ఏడుస్తూ మాట్లాడితే పెదాలు అర్థం కావు."

అమ్మ బస్సులో కూడబలుక్కున్నదంతా ఎటో పోయింది. ముక్కు తుడుచుకుని, పంపకుండా ఉండిపోయిన ఐదు పాటల పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. నాలుగోది పాతది, ఈల పాట. దాన్ని అక్కడే కొంచెం పాడింది. పెద్దమ్మ కళ్లు చిట్లించి ఆ పెదాలనే చూస్తూ ఉంది. చూస్తూ చూస్తూ అడ్డుపడింది.

"రెండో చరణం ముందు పాడేస్తున్నావు. చిన్నప్పుడూ ఇదే తప్పు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగాక పెద్దమ్మ అడిగింది, అమ్మమ్మ చివర్లో తన గురించి ఏమైనా అందా అని. అమ్మ ఈసారి ఒక్కో మాటా విడదీసి చెప్పింది. రోజూ అడిగిందని. అక్క ఆదివారం వస్తుందని తను చెప్పిందని. గురువారం కూడా, ఇవాళ ఏ వారం అని అడిగిందని.

పెద్దమ్మ పక్కన గుచ్చిన సూది తీసి, దాని దారం వేలికి చుట్టుకుంది.

"నీ కబురు మంగళవారమే అందింది నాకు," అంది. "బుధవారం బస్సెక్కి ఉండొచ్చు. బడి పిల్లల చొక్కాల పని ఉంది, నలభై చొక్కాలు. మాస్టారు వెళ్లమనే అన్నాడు. నేనే, ఇవి ముగించి పోదాం, ఆదివారం రమ్మన్నారుగా అనుకున్నాను. నువ్వు చెప్పావని కాదు ఆగింది. పనిని చూసి ఆగాను."

"అక్కా," అంది అమ్మ.

"నీ మీద కోపం పెట్టుకుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. అంతే. నువ్వు చేసిన తప్పేమీ లేదు."

పెదనాన్న టీ పెడతానని లోపలి గదిలోకి వెళ్లిపోయాడు. నేనూ ఆయన వెనకే వెళ్లాను. అక్కడ గిన్నె పొయ్యి మీద పెట్టి, పొయ్యి వెలిగించకుండా నిలబడి ఉన్నాడు.

ఆ ఏడు అమ్మ మూడుసార్లు వెళ్లి వచ్చింది. వెళ్లినప్పుడల్లా నాలుగైదు రోజులు ఉండేది. వాళ్లు ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలియదు. నాలుగోసారి వెళ్లడానికి టికెట్టు తీసుకుంది కానీ, ఆ ప్రయాణం అవసరం లేకపోయింది. సెప్టెంబరులో ఒక ఉదయం పెద్దమ్మ బట్టలు ఆరేస్తూ గుండె పట్టుకుని కూర్చుండిపోయింది. పెదనాన్న బకెట్టు కింద పెట్టి వచ్చేలోపే అయిపోయింది. ఈసారి కబురు అందిన గంటలో అమ్మ బస్సులో ఉంది. అయినా చేసేదేముంది.

డిసెంబరులో పెదనాన్న మా ఇంటికి వచ్చాడు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి అమ్మ చేతికిచ్చాడు. పెద్దమ్మ ఆగస్టు నుంచే రాసుకుంటున్న జాబితా అది. మూడు పాటలు మాత్రమే ఉన్నాయి. రెండు పాతవి. మూడోది మాకెవరికీ తెలియని పేరు, "దీపం ఆర్పొద్దు పాట". ఆ ఏడే వచ్చిన పాటట. ఎవరో పాడుకుంటుంటే పెదనాన్న మాటలు రాసిచ్చాడు. పెద్దమ్మ చదివి, ఇది నాది అందట. రోజూ దాన్ని లోలోపల పాడుకునేదట. మాటలు రాసిన ఆ కాగితాన్ని కూడా పెదనాన్న వెంట తెచ్చాడు.

ఆ మాటలను బట్టి నేను ఫోనులో వెతికి పెట్టాను. అది గెంతులేసే పాట. డప్పులూ ఈలలూ. మాటలు చూస్తే మాత్రం, వెళ్లిపోతున్న మనిషిని ఇంకొంచెంసేపు ఉండమని బతిమాలుకోవడం. అమ్మ ఫోను ఆపేయమంది. కాగితం మీది మాటలు మళ్లీ చదివింది.

"అక్క దీన్ని ఈ వరసలో పాడుకుని ఉండదు," అంది. "బావగారూ, పైకి పాడిందా ఎప్పుడైనా?"

"పాడింది," అన్నాడాయన. "గిన్నెలు తోముతూ పాడేది. చాలా నెమ్మదిగా ఉండేది. ఏడుపు రాదు కానీ, వింటుంటే చేతిలో పని ఆగిపోయేది."

"ఎలా ఉండేదో కాస్త అనండి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. మొదటి రెండు మాటలు ఏదో వరసలో అన్నాడు. తల అడ్డంగా ఊపి, మళ్లీ మొదలుపెట్టాడు. మూడోసారి ఇంకొంచెం కింద పట్టి చూశాడు. అమ్మ కాగితం ఒళ్లో పెట్టుకుని, ఆయన పెదాల వంకే చూస్తూ కూర్చుంది.

"ఇలా కాదమ్మా," అన్నాడు చివరికి. "నాకు గుర్తుంది. కానీ రావట్లేదు."