జిప్పులావిడ కట్టిన పసుపు చక్రం

నాలుగో అంతస్తులో ఆమెను అందరూ జిప్పులావిడ అనేవారు. ప్యాంట్లకు జిప్పులు మార్చడం, పొడుగైతే అంచు కత్తిరించి మడిచి కుట్టడం ఆమె పని. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని కింద గుడ్డముక్కలు కుక్కిన సంచి. కొత్త బట్టలు కుట్టిపెట్టమంటే, "అంత విద్య నాకెక్కడిదమ్మా!" అని నవ్వేసేది.

భర్త ముప్పై ఏళ్ళు బేకరీలో రొట్టెలు కాల్చినవాడు. పని మానేసిన మూడో ఏటి నుంచి ఆయనకు మాటలూ మనుషులూ ఒక్కొక్కటిగా జారిపోసాగాయి. డాక్టరు ఆ జబ్బు పేరు చెప్పి, "ఇది పెరిగేదే గానీ తగ్గేది కాదమ్మా" అన్నాడు. ఆమె ఆ పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అన్నట్టుండేది ఆమె పరిస్థితి. ఎవరైనా అడిగితే, "కాస్త మతిమరుపు" అని ఊరుకునేది.

ఆ వరండాలో ఎనిమిది తలుపులు. ఎనిమిదింటికీ ఒకటే కాఫీరంగు. పొద్దున్నే కిందికి వెళ్ళి పాలపాకెట్టు తేవడం ఒక్కటే ఆయనకు మిగిలిన పని. వద్దంటే తలుపు బాదేవాడు, పసివాడిలా ఏడ్చేవాడు. వెళ్తే మాత్రం, తిరిగొచ్చి చేతికందిన తలుపల్లా తట్టేవాడు. ఒకసారి ఎదురింటి టీచరమ్మ సోఫాలో కూర్చుని, "కర్టెన్లు ఎందుకు మార్చావే? నాతో ఒక్క మాటనక్కర్లేదా?" అని ఆమె మీద విరుచుకుపడ్డాడు. టీచరమ్మ నవ్వి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పగించింది. చివరింటావిడ నవ్వలేదు, కేకలు పెట్టింది. అపార్టుమెంటు సెక్రటరీ వచ్చి, "ఇంకోసారి ఇలా జరిగితే బాగుండదమ్మా" అని వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే జిప్పులావిడ ఇనుప హ్యాంగరు విప్పి, తీగను పళ్ళెమంత గుండ్రంగా వంచింది. ఆయనకు పేర్లు నిలవకపోయినా పసుపు రంగు ఇట్టే కంటికానేది. అందుకని పాత పసుపు దుప్పటిని జానెడు పీలికలుగా కత్తిరించింది. ఒక్కో పీలికనూ తీగకు ముడివేసి, పక్కకు నెట్టి, మళ్ళీ ఇంకోటి. చూపుడువేలు బొబ్బలెక్కింది. ముడులు బిగిసేకొద్దీ కొసలు పువ్వురేకుల్లా విచ్చుకున్నాయి. పూర్తయ్యాక దాన్ని తీసుకెళ్ళి తలుపుకు బయటివైపు వేలాడదీసింది.

"ఇదేమిటే, తలుపుకు తలపాగా చుడుతున్నావ్?" అన్నాడాయన.

"మనింటి గుర్తండీ. పసుపు చక్రం ఉన్న తలుపే మనది. ఏదీ, ఒకసారి అనండి."

"పసుపు చక్రం. మనది."

నెలన్నర పాటు అది పనిచేసింది. ఆయన వరండాలో ఆ చివరి నుంచి చూసుకుంటూ వచ్చి, చక్రాన్ని వేళ్ళతో తడిమి, అప్పుడు తలుపు తట్టేవాడు.

"పిన్నిగారూ, ఎంత ముచ్చటగా ఉందండీ! ఎలా కట్టారో చెప్పరూ?" అంది టీచరమ్మ ఒకరోజు.

జిప్పులావిడ కాదనలేకపోయింది. మొహమాటం కొద్దీ చూపించింది. "నీలం బాగుంటుందమ్మా, నీలంతో కట్టుకో" అని మాత్రం రెండుసార్లు అంది. ఎందుకో చెప్పలేకపోయింది.

తర్వాతి వారం ఒక పొద్దున, ప్యాంట్లు ఇచ్చిరావడానికి వెళ్ళి తిరిగొచ్చేసరికి వరండా అంతా వెలిగిపోతోంది. ఎనిమిది తలుపులకూ ఎనిమిది పసుపు చక్రాలు. టీచరమ్మ ఒకే రంగు గుడ్డ తెచ్చి అందరిచేతా కట్టించింది. "మీరే మా గురువుగారు పిన్నిగారూ. చూశారా, ఫ్లోరంతా ఒక్కటే డిజైను!" అంది. చివరింటావిడ కూడా పక్కన నిలబడి నవ్వుతోంది.

పాలపాకెట్టు పట్టుకుని ఆయన వరండా మధ్యలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వెళ్ళాడో, ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"ఎనిమిదిళ్ళూ మనవేనే!" అన్నాడు. మొదట సంతోషంగానే అన్నాడు. తర్వాత ఒక్కో తలుపు వంకా చూశాడు. "మరి నేనెందులోకి వెళ్ళాలే?"

జిప్పులావిడ గబగబా వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది. అక్కడే, అందరి ముందూ, అన్నాళ్ళూ దాచిన జబ్బు పేరు చెప్పేసింది. టీచరమ్మ ముఖం పాలిపోయింది. "అయ్యో, ముందే ఒక్క ముక్క అనుంటే..." అంటూ పరుగున వెళ్ళి తన చక్రం లాగేసింది. మిగతావాళ్ళూ మారుమాట లేకుండా విప్పేశారు. సాయంత్రానికి మళ్ళీ ఒక్కటే మిగిలింది.

అయినా లాభం లేకపోయింది. ఆయనకు పసుపు వట్టి పసుపే అయిపోయింది, ఇంటి గుర్తు కాకుండా పోయింది. ఆ అదిరిపాటుకే అలా అయిందా, జబ్బే ముదిరిందా అని ఆమె అడిగితే, డాక్టరు చెప్పలేనన్నాడు.  ఆ నెలాఖరున ఒక పొద్దున పాలతో వచ్చి, చక్రం వంక చూడకుండా, తలుపు మర్యాదగా రెండుసార్లు తట్టాడు.

"అమ్మా, ఏమనుకోకండి. మా ఇల్లెక్కడో కాస్త చెప్తారా?"

ఆమె గుమ్మం పట్టుకుని ఆయన ముఖంలోకి చూసింది. "లోపలికి రండి, చెప్తాను" అంది.

ఆయన చెప్పులు విడిచి, కుర్చీ అంచున ఒదిగి కూర్చున్నాడు. ఆమె మంచినీళ్ళిస్తే రెండు చేతులతో అందుకున్నాడు. పాలపాకెట్టు మాత్రం ఇవ్వలేదు. "మా ఆవిడ ఎదురుచూస్తుంటుందండీ" అన్నాడు.

"చూస్తుంది లెండి" అంది ఆమె. మిషను ముందు కూర్చుని, సగంలో ఆపిన ప్యాంటు అంచు చేతిలోకి తీసుకుంది గానీ, సూదిలోకి దారం ఎంతకీ ఎక్కలేదు.