పెంటమ్మవ్వ పాటలు, నా ఆపరేటింగ్ సిస్టమ్

2023 వానాకాలం. మొయినాబాద్‌లో చేవెళ్ల రోడ్డు మీద నా కంప్యూటర్ రిపేరు దుకాణం. గిరాకీ లేని వేళల్లో నాలుగేళ్లుగా సొంతంగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాను. స్విచ్ వేయగానే యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రామ్ అది. ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అంతా నెట్‌లో పెట్టాను. ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. అప్పటిదాకా దాన్ని వాడింది మాత్రం నేనొక్కడినే.

పక్కనున్న హిమాయత్‌నగర్ ఊరి నుంచి సుశీల టీచర్ వచ్చారు. రిటైరయ్యాక ఆమె నాట్లేసే ఆడవాళ్ల పాటలు టైపు చేసి పెడుతున్నారు. ఆమె పాత కంప్యూటర్ మీద కొత్త సిస్టమ్‌లు నడవడం లేదు.

“నువ్వేదో సొంతంగ చేసినవంట గదా, గదే ఎక్కియ్.”

“ఇంకా కచ్చగనే ఉన్నది టీచర్. పెన్‌డ్రైవ్ గూడ పనిచెయ్యదు.”

“తెలుగు వస్తదా? చాలు.”

తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చోబెట్టడానికే నేను ఆరు నెలలు తంటాలు పడ్డాను. ఆ మాటకు పొంగిపోయి ఎక్కించాను.

నెల తర్వాత ఆమె సీపీయూను ఒళ్లో పెట్టుకుని షేర్ ఆటోలో వచ్చారు. కరెంటు పోయి వచ్చాక పాటల ఫైలు తెరుచుకోవడం లేదట.

“మిగిలినోళ్లతోని మళ్ల పాడిపిస్త. పెంటమ్మవ్వయి ఏడు పాటలున్నయి అందుల. అవ్వ పోయి పదిహేను రోజులాయె,” అన్నారు.

వెతికితే తప్పు నాదే. టీచర్ సేవ్ నొక్కగానే పని అయిపోయిందని నా సిస్టమ్ చూపించేది. అక్షరాలు మాత్రం కాసేపటి తర్వాత గానీ హార్డ్ డిస్క్ మీదికి చేరేవి కావు. ఆ మధ్యలో కరెంటు పోయి, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక చెడిపోయింది.

“కరెంటుది కాదు టీచర్, తప్పు నాదే.”

ఆమె సీపీయూను నా బల్ల మీదికి జరిపారు. “సరే. దొరుకుతదేమో చూడు.”

డిస్క్ తీసి ఇంకో యంత్రానికి తగిలించి, ముక్క ముక్కా చదివాను. మూడో రోజు మధ్యాహ్నానికి ఏడో పాట కూడా దొరికింది. ఫోన్‌లో మొదటి చరణం చదువుతుంటే అవతల టీచర్ రాగం అందుకున్నారు. రెండు పంక్తులు దొరకలేదు. అవ్వతో నాట్లేసినవాళ్లు గుర్తుచేసుకుని చెప్పారు.

“వేరే సిస్టమ్ ఏదన్న ఎక్కిస్త టీచర్,” అన్నాను.

“ఎందుకు? గిది బాగుచెయ్యవా?”

చేశాను. జరిగిన తప్పును కూడా దాచకుండా కోడ్ పక్కనే రాసి పెట్టాను. యంత్రం లేచి నిలబడితే చాలు గొప్పే అనుకునేవాణ్ణి. అది మధ్యలో పడిపోయినా మనిషి రాసుకున్నది నిలబడాలని టీచర్ వల్ల నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ మార్పు చేసినా, టైపు చేస్తూ చేస్తూ ప్లగ్గు పీకేస్తాను. ఫైలు తెరుచుకుంటేనే, ఆ మార్పును టీచర్ కంప్యూటర్‌లో ఎక్కించడానికి హిమాయత్‌నగర్ వెళ్తాను.