దొరకని వారం

మొన్న మాదాపూర్‌లో ఒక మనిషి మెట్రో స్తంభానికి హాస్టల్ పోస్టరు అంటిస్తున్నాడు. అతని పక్కనుంచి ఆఫీసుకు నడుస్తుంటే బకెట్లోంచి ఉడికించిన మైదా, అందులో కలిపిన మైలుతుత్తం వాసన వచ్చింది. నాది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం. ఏ సంగతినైనా విడదీసి వరుసలో పెట్టుకుంటే తప్ప తోచదు. ఆ వాసననూ అలాగే విడదీశాను. ఒకటి, తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా ప్రగతి నగర్ గోడల మీది పోస్టర్లు. రెండు, అమ్మ చేసే సీరియల్ బైండింగు. మూడు, స్వరూపక్క. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే వరుస తప్పింది.

మేం గుంటూరు వైపు వాళ్లం. నాన్నది సర్కారు ఉద్యోగం. కింది వాటాలో కిరాయికి ఉండేవాళ్లం, పైన ఇంటివాళ్లు. అమ్మ వారపత్రికలోని సీరియల్ పేజీలను వారం వారం కత్తిరించి దాచి, కొన్నాళ్లకోసారి దబ్బనంతో కుట్టి, వీపుకి మైదా జిగురు పూసి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసేది. పురుగు పట్టకుండా జిగురులో తుత్తం వేసేది. కుట్టిన పుస్తకంలో ఒక పక్క రాక్షసుడు కోట తలుపు తెరుస్తుంటే, దాని వెనక పక్క గోంగూర పచ్చడి సగం తయారై ఆగిపోయి ఉండేది. ఆ మిగతా సగం ఎక్కడికి పోయిందని నేను చాలా బెంగపడ్డాను.

నేను ఆరో తరగతి చదివేటప్పుడు వచ్చిన సీరియల్లో ముళ్ల అడవి నడుమ ఒక నల్ల కోట, చీకటి పడగానే తోడేలు మొహం వచ్చే దొర, అతను ఎత్తుకొచ్చిన మల్లిక అనే పిల్ల ఉండేవాళ్లు. కోటలో తలుపులన్నిటికీ గొళ్లేలు బయటే. అతను రోజూ ఆమెకి వెన్నెల్లో మాత్రమే పూసే పూలు తెచ్చి, గుమ్మంలో పెట్టి, మొహం చూపించకుండా వెళ్లిపోయేవాడు. అతనంటే నాకు భయం, కిటికీ వైపు వీపు పెట్టి కూర్చునేవాణ్ని కాదు. కానీ అతను కనబడని వారం పత్రిక చప్పగా ఉండేది. అది భయమో ఇష్టమో అప్పుడూ తెలియలేదు.

స్వరూపక్క ఇంటివాళ్ల కూతురు. సిద్దిపేటలోని అత్తవారింటి నుంచి బతుకమ్మకి వచ్చి, పండగ దాటినా తిరిగి వెళ్లలేదు. మధ్యాహ్నాలు గిన్నెలో సర్వపిండి ముక్కలు పట్టుకుని కిందికి వచ్చి, అనపకాయలు ఒలుస్తూ కూర్చుంటే అమ్మ పైకి చదివేది. ఆమె అమ్మను అక్కా అనేది, నేను ఆమెను అక్కా అనేవాణ్ని. ఈ వరుస ఎలా కుదురుతుందో నాకు అంతుపట్టేది కాదు. ఆ రోజుల్లో పైన టీవీ ఒకటి చెబితే కింద టీవీ ఇంకొకటి చెప్పేది. మెట్ల మీద కలిసి చాయ్ తాగే నాన్న, ఇంటాయన ఇప్పుడు నీళ్ల మోటరు గురించి తప్ప మాట్లాడుకునేవాళ్లు కాదు. పత్రిక వచ్చిన రోజు మాత్రం స్వరూపక్క తప్పకుండా కిందికి దిగేది.

కోట తలుపుల సంగతి మొదటిసారి చదివినప్పుడు ఆమె నవ్వింది.

"మా ఇంట్ల గూడ గంతేనక్కా. ఆయన డ్యూటీకి పోయేటప్పుడు గొళ్లెం బయటికెళ్లి పెట్టిపోతడు."

అమ్మ చదవడం ఆపేసింది. స్వరూపక్క గింజలు ఒలుస్తూనే ఉంది.

ఒక వారం మల్లిక తప్పించుకుని తండ్రి గుడిసె చేరి, లోపల గడియ వేసుకుంది. ఆ తరవాతి వారమంతా బంద్. పత్రికలు రాలేదు. ఆ తరవాత నాన్న స్కూటరు మీద నిజాంపేట, బాచుపల్లి, చివరికి హఫీజ్‌పేట్ స్టేషన్ దాకా వెతికినా ఆ సంచిక దొరకలేదు. దాని తరవాతి సంచిక తెరిస్తే మల్లిక కోటలోనే ఉంది, తన చేత్తోనే దీపం వెలిగించింది, తోడేలు మొహం ఆమె ఒడిలో ఉంది. పైన 'జరిగిన కథ'లో ఒక్కటే ముక్క: మల్లిక మనసు మార్చుకుని కోటకు తిరిగి వచ్చింది.

ఎందుకు మార్చుకుంది? నేను కారణాలు రాసుకుని ఒక్కొక్కటే కొట్టేశాను. మంత్రమైతే ముందే చెప్పేవారు. తండ్రి తరిమేసే మనిషి కాదు. ప్రేమ పుట్టి ఉంటుందని అమ్మ అంది. ప్రేమ ఎలా పుడుతుందో చెప్పమంటే పెద్దయ్యాక తెలుస్తుందంది. మామూలుగా బైండింగులో 'జరిగిన కథ' ముక్కలు కత్తిరించి పారేసే అమ్మ, ఈ ఒక్కదాన్ని మాత్రం ఒక తెల్లకాగితం మీద అంటించి, దొరకని వారం స్థానంలో పెట్టి కుట్టింది.

ఆ చలికాలంలోనే ఒక ఆదివారం స్వరూపక్క భర్త పెద్దమనుషులతో వచ్చాడు. తోడేలు మొహం కోసం నేను గేటు దగ్గర కాపు కాశాను. వచ్చినవాడు బక్కగా ఉన్నాడు. ఊడిన నా సైకిల్ చైను చూసి, తెల్లచొక్కాతోనే కూర్చుని ఎక్కించి, నల్లబడ్డ వేళ్లు నాకు చూపించి నవ్వాడు. పైన పెద్దలు మంచి పిలగాడేనని, జర అనుమానం అంతేనని తేల్చారు. సాయంత్రానికి బట్టలు సర్దుకొమ్మన్నారు.

స్వరూపక్క కిందికొచ్చి బైండు పుస్తకం అడిగింది. తెల్లకాగితం దగ్గర తెరిచి అమ్మ ముందు పెట్టింది.

"అక్కా, గీ వారంల ఏం రాసుంటరు?"

ఇన్నాళ్లూ ప్రేమ అన్న అమ్మ ఈసారి ఆ మాట అనలేదు. "నాకు తెలీదు స్వరూపా. రాసినాయనకీ తెలీదేమో. లోపల గడియేసుకుంది చూడు, కథ అక్కడైపోయినా బాగానే ఉండేది."

"అయితే గాడికే కొయ్యి."

పుస్తకంలో ఆకు మూల మడిచినా ఊరుకోని మా అమ్మ కత్తెర తెచ్చి దారం తెంపింది, ఎండిన జిగురును బ్లేడుతో చీల్చింది. మొదటి సగం తీసుకుని స్వరూపక్క పైకి వెళ్లింది. పైన చాలాసేపు కేకలు వినిపించాయి. చీకటి పడ్డాక పెద్దమనుషుల జీపు ఆమె లేకుండానే కదిలింది. అతను గేటు దగ్గర నా సైకిల్ తాకి వెళ్లాడు. నాకు ఏడుపొచ్చింది, అది ఎవరి కోసమో తెలియలేదు.

రాష్ట్రం వచ్చాక మేం బాచుపల్లికి మారాం. ఆ ఇంటి చోట ఇప్పుడు అపార్టుమెంటు ఉంది. పత్రిక ఆగిపోయింది. సీరియళ్లు కుట్టుకునేవాళ్లు నాకు తెలిసినంతలో ఎవరూ లేరు, అమ్మ కూడా ఫోన్లోనే చదువుతోంది. రెండో సగం నా అలమారలో ఉంది. ఇప్పటికీ దొర మల్లిక ఒడిలో తల పెట్టుకునే చోటు చదివితే నాకు బాగుంటుంది, బాగున్నందుకు ఇబ్బందిగానూ ఉంటుంది.

కూకట్‌పల్లిలో ఉద్యోగం చేసుకుంటున్న స్వరూపక్క బతుకమ్మకి అమ్మకు ఫోన్ చేస్తుంది. ఒకసారి ఫోన్ నేను తీసుకుని, రెండు సగాలూ కలిపి కుట్టిద్దామా అని అడిగాను.

"నా దాంట్ల కథ అయిపోయింది రా," అంది. "నీ దాంట్లనే మొదలు లేదు."

పోస్టరు మనిషి బకెట్ ఎత్తుకుని అవతలి స్తంభానికి వెళ్లిపోయాడు. నేను వాసన పోయేదాకా అక్కడే నిలబడ్డాను.