హ్యాండిస్తానన్న అమ్మాయి

మా నాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టర్. పక్క క్వార్టరు అమ్మాయి, నేను ఒక ఈడువాళ్ళం. తనది ఇంగ్లీషు మీడియం, నాది హిందీ. ఎనభైల చివర్లో, పన్నెండో తరగతి పరీక్షలయ్యాక, ఇద్దరం విశాఖపట్నంలో నర్సు ట్రైనింగుకి వెళ్దామనుకున్నాం. అక్కడ తన మేనత్త ఇంట్లో ఉండి చదువుకోవచ్చని తనే అంది.

ఇంటర్వ్యూ ఇంగ్లీషులో ఉంటుందని మధ్యాహ్నాలు పెరట్లో కూర్చోబెట్టి నాకు నేర్పేది. ఒకరోజు 'హ్యాండ్' అనే మాట పట్టుకుంది. సెకండ్ హ్యాండంటే ఒకరు వాడేసింది. ఓల్డ్ హ్యాండంటే పనిలో ఆరితేరినవాడు. "మీ నాన్న షెడ్డులో ఓల్డ్ హ్యాండ్" అంటే, చెయ్యి ఒక్కటే ముసలిదయిందా అని పడీపడీ నవ్వాను. హ్యాండివ్వడమంటే సాయం చెయ్యడమట.

"మనకాడ చెయ్యిచ్చీడమంటే ముంచీడం కదే!" అన్నాను.

"అది తెలుగులో. ఇది ఇంగ్లీషు. మీ నాన్నతో నేను మాట్లాడి నీకు హ్యాండిస్తాను. సమ్‌ఝీ?" అంది.

మా నాన్న ఆడపిల్లని ఊరు దాటించే మనిషి కాదు. కానీ ఆ అమ్మాయి మాటంటే ఆయనకి గురి. అందుకే ఆదివారం తను మా ఇంటికి వచ్చేదాకా ఆగి, తన ఎదుటే విషయం చెప్పాను. నాన్న తన వైపు తిరిగాడు.

"ఏటమ్మా, అక్కడ ఆడపిల్లలకి బాగుంటాదా? నువ్వేటంటావు?"

తను టీ గ్లాసు కింద పెట్టింది. "వద్దు బాబాయ్. నేనూ అదే చెప్పాను, వినట్లేదు. దీనికి ఇంగ్లీషు రాదు. అక్కడ నెగ్గుకురాలేదు."

"నువ్వే కదే రమ్మన్నావు?" అన్నాను. తను నా వైపు చూడలేదు. వంటింట్లోకి గ్లాసు పట్టుకెళ్ళింది.

"అచ్ఛా, అయిపోనాది. మరి ఆ మాటెత్తకు" అని నాన్న లేచాడు.

కారణం తరవాత వాళ్ళమ్మ నోటివెంట తెలిసింది. మేనత్త ఒక్కరినే ఉంచుకోగలనందట. మా అమ్మ నా తల నిమిరి, "చెయ్యిచ్చీసినాది కదే నీకు" అంది. మేనత్త అన్న ముక్క తను నాతోనే చెప్పుంటే హాస్టలు వెతుక్కునేదాన్ని. మా నాన్న ముందు నన్ను చేతకానిదాన్ని చేసిపోయింది. అదే ఈనాటికీ మింగుడుపడదు.

తను వెళ్ళిన రోజు కాలనీ అంతా స్టేషనుకి కదిలింది. నేను ఇంట్లోనే ఉండిపోయాను.

కొన్నాళ్ళకి బిల్హాలో ఒక చిన్న బడిలో పిల్లలకి చదువు చెప్పే పని దొరికింది. రోజూ లోకల్ బండిలో వెళ్ళొచ్చేదాన్ని. ఒక ఉదయం ప్లాట్‌ఫారం మీద తను ఎదురైంది, సెలవులకి వచ్చిందట. నా పక్కనే కూర్చుంది.

"ఇంకా కోపమేనా? నీ మంచికే చెప్పానే" అంది.

మేనత్త సంగతి ఇప్పుడైనా చెబుతుందేమోనని కాసేపు చూశాను. చెప్పలేదు. బండి వచ్చింది. ఎక్కి, తను కనబడని వైపు కిటికీ దగ్గర కూర్చున్నాను.