ప్రొఫెసరుగారి సిఫార్సు

ప్రొఫెసరుగారు పొద్దున్నే గదిలోకి రాగానే గోడమీది తన సన్మానం ఫోటోలు జేబురుమాలుతో తుడిచి, వంకర లేకపోయినా సరిచేసి, వెనక్కి జరిగి మురిపెంగా చూసుకుంటారు. ఆ పనయ్యేసరికి మొదటి క్లాసు అయిపోతుంది. సిఫార్సు ఉత్తరం కోసం ఎవరొచ్చినా ఒకటే మాట: "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను." శిష్యులంటే ఆయనకంత నమ్మకం.

ఏళ్ళ తరబడి ఆయన ల్యాబులో గొడ్డుచాకిరీ చేసిన విద్యార్థిని ఒకతె, పైచదువు దరఖాస్తుకు గడువు ఆ సాయంత్రమే ముగుస్తుందనగా, సిగ్గుపడుతూ తన గురించి తానే నాలుగు మంచిమాటలు రాసి తెచ్చింది. ఆయన ఎర్రపెన్ను తీశారు. "నీ తెలివి గురించి ఇంతెందుకమ్మా? అది ఎవరి దగ్గర అబ్బిందో చెప్పాలి గానీ!" అంటూ ఒక్కో వాక్యమే కొట్టేసి, ఆ చోట తన పుస్తకాలు, పురస్కారాలు, ప్రసంగాలు ఎక్కించారు. ఆమె పరుగున వెళ్ళి మళ్ళీ టైపు చేసి తెచ్చింది. ఆయన తృప్తిగా సంతకం గీకారు. అప్పుడు గానీ ఆమెకు నిదానంగా చదివే తీరిక దొరకలేదు.

"సార్, ఇందులో నా పేరే లేదండీ," అంది కాగితం ఆయన ముందుకు జరిపి.

"అవునా?" ఆయన కాగితం పైనుంచి కిందిదాకా చూశారు. "తీసేద్దామంటే ఒక్క ముక్కా అనవసరమైంది లేదే! పోనీ, వెనకవైపు రాసుకో తల్లీ."