నిస్సార్ అహ్మద్ ఆపిన పాటలు

1999 ఆగస్టు 14, శనివారం. సిడ్నీలో చలి ఇంకా వదల్లేదు. పడమటి గాలికి యూకలిప్టస్ ఆకులు రోడ్డు మీద దొర్లుతున్నాయి. ఆకాశం మాత్రం కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది. టూంగాబీ నుంచి హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళే దారిలో, అడవి మధ్య, ఒక పాత తెల్ల కారు ఆ ఉదయం నాలుగోసారి ఆగింది. ఇంజనుకు జబ్బేమీ లేదు. తమిళ సినిమా పాటలో ఒక్క మాట స్పష్టంగా వినబడకపోయినా నిస్సార్ అహ్మద్ బండిని ముందుకు నడపడు. ఆయనలో ఉన్న లోపమల్లా అదొక్కటే.

"నాట్ అగైన్, అంకుల్!" అంది వెనక సీట్లో తల్లి పక్కన కూర్చున్న ఎనిమిదేళ్ళ తన్మయి.

"ఉండు పాపా. డ్రమ్ములోడు మాటను మింగేసినాడు. కక్కించి పోదాం."

క్యాసెట్టు వెనక్కి తిప్పి మూడుసార్లు విన్నాడు. నోటుబుక్కు తీసి, ఆ చరణాన్ని వేలెడంత తెలుగు అక్షరాల్లో రాసి, కింద అర్థం చేర్చి, పక్క సీట్లోని కేశవరావుగారి చేతిలో పెట్టాడు. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, "కవి బాగానే రాశాడయ్యా. మిక్సింగ్ చేసినవాడికి బుద్ధి లేదు" అని తీర్పు చెప్పారు. అప్పుడు కదిలింది కారు.

ఒకసారి హైవే పోలీసు వచ్చి బండి చెడిందా అని అడిగాడు. "కార్ ఈజ్ ఫైన్, ఆఫీసర్. చరణం ఈజ్ నాట్ క్లియర్" అన్నాడు నిస్సార్. పోలీసు చాలాసేపు ఆలోచించి, ఊదమని గొట్టం ఇచ్చాడు. ఆ పరీక్షలో నిస్సార్ నెగ్గాడు. చరణం మాత్రం అప్పటికీ తేలలేదు.

కేశవరావుగారు మద్రాసులో రికార్డింగు థియేటర్లో ముప్ఫై ఏళ్ళు సౌండ్ ఇంజినీరు. ఎన్ని వాయిద్యాలు మోగినా గాయకుడి పెదవి మీది మాటను చెదరకుండా శ్రోతకు చేర్చడం ఆయన వృత్తి. తమిళంలో నాలుక మడిచి పలికే అక్షరమొకటి ఉంది. మన ప్రాచీన శాసనాల్లోనూ ఉండేది. మనం పోగొట్టుకున్నాం, వారు దాచుకున్నారు. దాన్ని గాయకుడు బద్ధకించి పలికితే ఈయన అద్దం వెనక నుంచి చెయ్యెత్తి పాట ఆపించేవారట. అంతటి చెవికి ఇప్పుడు డెబ్బయ్యేళ్ళు నిండాయి.

ఆ సంగతి ఆయన కూతురు, తన్మయి తల్లి రత్నకుమారికి తెలుసు. ఆయనే ఒప్పుకోరు. జూలైలో టూంగాబీ స్టేషను దగ్గర రోడ్డు దాటుతూ, బస్సు హారను వినబడక, చక్రానికి జానెడు దూరంలో ఆగారు. ఆనాటి నుంచి ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నా రత్నకుమారికి ఆ బస్సే కనబడేది. చెవి పరీక్షకు రమ్మంటే తండ్రి దగ్గర సమాధానం సిద్ధం.

"నా చెవికేమే? నిస్సార్‌కీ వినబడటం లేదుగా! పాటలే అలా తగలడ్డాయి."

అందుకే ఆమెకు నిస్సార్ మీద కోపం. నగరిలో పుట్టి, మద్రాసులో చదివి, ఇక్కడ ఆమె ఆఫీసులోనే వై టూ కే పనిలో ఉన్నాడు. సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టిన చోట్లన్నీ వెతికి నాలుగంకెలు చేస్తాడు. అంత ఓపిక ఉన్నవాడికి పాటంటే ఈ తొందరపాటు తీర్పులేమిటో ఆమెకు బోధపడేది కాదు.

ఆ శనివారం గుడి క్యాంటీన్లో నిస్సార్‌ను పట్టుకుంది.

"భాయ్, మీ పుణ్యమా అని నాన్న అపాయింట్‌మెంట్ రెండుసార్లు క్యాన్సిల్ చేశారు. పాటలు బాగాలేవని మీరు సర్టిఫికెట్ ఇస్తుంటే, రేపు ఆయన బస్సు కింద పడితే ఎవరిది పూచీ?"

నిస్సార్ చేతిలోని పులిహోర ముద్ద పొట్లంలోకే జారింది. పొట్లం మడిచి అన్నాడు: "అపాయింట్‌మెంట్ ఒకటి కాదు మా, రెండు తీసుకో. రెండోది నాకు."

తిరుగుదారిలో కారు మళ్ళీ ఆగింది. ఈసారి పాటే లేదు. నోటుబుక్కులో వేలెడంత అక్షరాల్లో ఇలా రాసి కేశవరావుగారి చేతిలో పెట్టాడు: "సార్, నా చెవులు తగ్గినాయేమోనని భయంగా ఉండాది. ఒంటరిగా పోలేను. తోడొస్తారా?"

"పిచ్చివాడా! దానికి భయమెందుకు?" అన్నారు ఆయన, తన అలవాటు ప్రకారం బిగ్గరగా. "నీకు సిగ్గుగా ఉంటే నేనూ చేయించుకుంటాలే."

రెండు వారాలకు ఇద్దరి చెవుల మీదా వినికిడి మిషన్లు వెలిశాయి. చిత్రమేమిటంటే ఆ తర్వాత హెలెన్స్‌బర్గ్ దాకా కారు ఒక్కచోటా ఆగలేదు. తమిళ పాటలన్నీ ఒక్కసారిగా బాగుపడినట్టు కనిపించాయి. ఒకనాడు స్టేషను దగ్గర, వెనక వస్తున్న బస్సు చప్పుడు విని తన్మయి చెయ్యి పట్టి పక్కకు లాగినవారు కేశవరావుగారే.

జనవరిలో, లోకం మునిగిపోలేదని తేలాక, ఒక ఆదివారం నిస్సార్ పెరట్లో బార్బెక్యూ విందు. రత్నకుమారి నిస్సార్ భార్య షెహజాదిని అడిగింది: "భాయ్‌కి మిషను బాగా పనిచేస్తోందా, వదినా?"

షెహజాదికి నవ్వాగలేదు. "ఆయనకి చెవుడా! వంటింట్లో నేను గొణుక్కునేది హాల్లో కూర్చుని వినేస్తాడు. అది డాక్టరమ్మను బతిమాలి తెచ్చుకున్న పాత డబ్బా. బ్యాటరీ కూడా లేదు. సార్ ఒక్కడే పెట్టుకుంటే చిన్నబోతాడంట."

"మరి దారిలో కారు ఆపడం?"

"సార్ ఎక్కకముందు నాలుగేళ్ళు అదే కారులో తిరిగినా రత్నా. ఒక్క పాటకీ ఆపింది లేదు."

చెట్టు కింద కేశవరావుగారూ నిస్సారూ పక్కపక్కనే కూర్చుని, మిషన్ల గుణదోషాలు గంభీరంగా చర్చించుకుంటున్నారు.

పద్నాలుగేళ్ళ తర్వాత, నిస్సార్ వాళ్ళు మారిపోయిన టూవూంబా నుంచి ఒక ఉత్తరం వచ్చింది.

"రత్నమ్మకు నిస్సార్ అహ్మద్ రాయునది. ఇక్కడ క్షేమం. పోయిన వారం చెవి పరీక్షకు పోయినా. ఈసారి నిజంగానే ఫెయిలైనా. మిషను ఇచ్చినారు. టోపీ తగిలితే కుయ్యిమని ఈల వేస్తాది. అది విన్నాక నవ్వొచ్చింది. మేము సిడ్నీ వదిలిన రోజు సార్ నన్ను పక్కకు పిలిచి చెప్పినాడు: 'మఫ్లరు తగిలితే నా మిషను ఈల వేస్తుందయ్యా. నీది ఏనాడూ వేయలేదు. రెండో వారమే కనిపెట్టాను. చెబితే నువ్వు తీసేస్తావని ఊరుకున్నా.'

తమిళ పాటలోళ్ళకు నేను అన్యాయం చేసినా మా. ఆ పొద్దు ప్రతి మాటా తేటగా వినబడతానే ఉన్నింది. ఇప్పుడు షెహజాది ఆ పాటలే వేసి, మాటలు నాకు రాసిస్తా ఉండాది, వేలెడంత అక్షరాల్లో. సార్‌కు నా సలాములు. ఈసారి దీంట్లో బ్యాటరీ ఉండాదని చెప్పు."