కోట దగ్గర రొయ్యల గట్టు మీద అడవి వరి

పోయినసారి నెల్లూరు తీరం నుంచి తెచ్చిన అడవి వరి ఆకులు దారిలోనే కుళ్ళిపోయాయి. డీఎన్‌ఏ మార్కర్లతో పరీక్షిస్తే ఆ గడ్డిది మన వరి జీనోమేనా, వేరేదా అన్నది తేలుతుంది. మన వరిదే అయితే, ఉప్పునీటి పక్కన బతికే దాని గుణాన్ని మామూలు సంకరంతోనే పొలాల్లోకి తేవచ్చు. ఆ ఆశతోనే మళ్ళీ బయల్దేరాను.

నెల్లూరులో తెల్లవారుజామున బస్సెక్కి వెంకటాచలం, గూడూరు మీదుగా రెండు గంటల్లో కోట చేరాను. అక్కడినుంచి ఆటో, రానూపోనూ ఆరు వందలు. "గడ్డి కోసరం ఇంత దూరమొచ్చినారా? మా గేదెలు వింటే మురిసిపోతాయి" అన్నాడు డ్రైవర్ మస్తానన్న. నవ్వు ఆపుకోలేకపోయాను.

మొదటి రొయ్యల గుంట దగ్గర ఆ గడ్డి కనబడలేదు. ఆ బురద కాళ్ళతోనే పక్క గుంట గట్టెక్కబోయాను. "ఆగండమ్మా! ఆడే ఆగండి!" అంటూ గుంట యజమాని యేసురత్నం గారు పరుగెత్తుకొచ్చారు. "ఆ గుంటకి వైట్ స్పాట్ జబ్బు వచ్చుండాది. ఆ బురద నా దాంట్లో పడితే నా పంట పోయినట్టే!" సిగ్గుతో ముడుచుకుపోయాను. ఆయనే బ్లీచింగ్ నీళ్ళ తొట్టి చూపించి కాళ్ళు కడిగించారు.

నాకు కావలసిన దుబ్బులు ఆ గట్టు చివరే ఉన్నాయి. కానీ మధ్యాహ్నం జేసీబీ వచ్చి గట్టంతా చెక్కేస్తుందట. గబగబా నేను వచ్చిన పని చెప్పుకున్నాను.

"అంటే పీసీఆర్ టెస్టు లాంటిదేనా మేడమ్?" అన్నారు యేసురత్నం గారు. " మేమూ జబ్బుందేమో చూసేదానికి రొయ్య పిల్లలకు చేయిస్తాం. రిపోర్టు రాందే పిల్లని గుంటలో వదలం. మీ గడ్డికీ అంతే. రిపోర్టు వచ్చేదాకా ఆ మూల కదిలించంలే."

ఆకులు కోసి, ఈసారి కుళ్ళకుండా, తేమ పీల్చే సిలికా జెల్ సంచుల్లో వేసుకున్నాను. వాళ్ళింట్లో ప్రార్థన చేసి పెట్టిన అన్నం, రొయ్యల ఇగురు కడుపు నిండా తిన్నాను.

ల్యాబ్‌లో మేము నేర్చుకున్న ఓపికని ఆ గట్టు మీద ఒక రైతు నా కోసం పాటించారు. ఆ రుణం మాటల్లో తీరేది కాదు. మీరు అటు వెళితే మాత్రం కాళ్ళు, చెప్పులు కడుక్కుని, యజమానిని పిలిచి అడిగాకే ఏ గట్టయినా ఎక్కండి.

నెల తర్వాత యేసురత్నం గారికి ఫోన్ చేసి చెప్పాను, "మన వరి జీనోమే అన్నా!"

"అయితే అన్నం పెట్టే జాతే గదా! దాన్నెట్టా చెక్కించేది మేడమ్?"